విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కర్బన ఉద్గారాలను తగ్గించి, సౌర విద్యుత్తును పెంచుకోవడం ఎలా?

సౌర ఫలకాలు కొనడానికి ముందే ప్రాంగణం ఎంత కర్బనాన్ని గాలిలోకి వదులుతోందో లెక్క తేల్చుకోవాలి. కనీసం పన్నెండు నెలల కరెంటు బిల్లులు, జనరేటర్లకూ బస్సులకూ పోసిన డీజిల్, వంటశాలల్లో వాడిన గ్యాస్, ఏసీలలో తిరిగి నింపిన వాయువు వివరాలను ఒకచోట చేర్చండి. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఏసీలలో వాడే ఆర్-410ఏ వాయువు ఒక్క కిలో కారిపోయినా, వందేళ్లలో భూమిని వేడెక్కించే లెక్కన అది దాదాపు 2,000 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం కనుక ఆ పద్దును చిన్నదని వదిలేయకూడదు.

తరువాత, రాత్రి రెండు గంటలకు ఒక్కో భవనం మీటరు చూడండి. నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైన పని లేదు. ఎండ లేని వేళ ఖర్చయ్యే కరెంటును పైకప్పు మీది ఫలకాలు నేరుగా ఇవ్వలేవు. తాళం వేసిన గ్రంథాలయంలో ఆ వేళ కూడా మీటరు జోరుగా తిరుగుతోందంటే, ఏ యంత్రం నడుస్తోందో లోపలికి వెళ్లి వెతకాలి. గాలిని పంపే పెద్ద ఫ్యాన్ల వేగాన్ని ఐదో వంతు తగ్గిస్తే, అవి తీసుకునే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. ప్రయోగశాలల్లో మైనస్ 80 డిగ్రీల వద్ద నడిచే ఫ్రీజర్లను, నమూనాలకు హాని లేదని పరిశోధకులు నిర్ధారించిన చోట, మైనస్ 70కి మార్చవచ్చు. పాత దీపాల స్థానంలో ఎల్‌ఈడీలు పెట్టాలని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు డాబా ఎక్కండి. ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే రోజుల్లో, ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు వరకు గంటగంటకూ నీళ్ల ట్యాంకు నీడ అంచును సుద్దముక్కతో గీయండి. ఫలకాలను వరుసగా ఒకదానితో ఒకటి కలుపుతారు కాబట్టి, ఒకదానిపై పడిన నీడ వరుస మొత్తం ఉత్పత్తిని తగ్గించవచ్చు. ఆ గీతల లోపలి స్థలాన్ని వదిలేయడమే మేలు. ఫలకాలు పాతికేళ్లు ఉంటాయి కనుక, పైకప్పు కారుతుంటే ముందే బాగుచేయించి, బరువును, గాలి తాకిడిని అది తట్టుకోగలదో లేదో ఇంజనీరుతో పరీక్ష చేయించాలి. నడవడానికి దారులు వదిలితే, ఒక్కో కిలోవాటు సామర్థ్యానికి సుమారు పది చదరపు మీటర్ల చోటు పడుతుంది.

సామర్థ్యాన్ని నిర్ణయించేటప్పుడు సెలవు రోజుల మధ్యాహ్న వాడకాన్ని కూడా చూడాలి, ఎందుకంటే మిగిలిన కరెంటును విద్యుత్ సంస్థ ఏ షరతులపై తీసుకుంటుందనే దాన్ని బట్టి లెక్క మొత్తం మారుతుంది. నీళ్ల మోటార్లను, బస్సుల చార్జింగ్‌ను మధ్యాహ్నానికి జరిపితే, బ్యాటరీలు కొనకుండానే ఎండ ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఫలకాలను ఎన్నాళ్లకోసారి కడగాలో ఊహించి నిర్ణయించవద్దు. గాజు చల్లగా ఉండే తెల్లవారుజామున ఒక వరుసను కడిగి, పక్కనే ఉన్న అలాంటి వరుసను కడగకుండా వదిలి, రెండింటి ఉత్పత్తినీ ఇన్వర్టర్‌లో (ఫలకాల కరెంటును వాడుకునేందుకు వీలుగా మార్చే పరికరంలో) రోజూ పోల్చి చూస్తే, దుమ్ము వల్ల ఎంత పోతోందో కొద్ది వారాల్లోనే తెలుస్తుంది.