ఆగిన వాచీలో బలం ఎక్కడ ఆగిందో కనిపెట్టడం

బరంపురంలో తెలుగువాళ్ళ ఇంట్లో పాత బీరువా తెరిస్తే, పట్టుచీరల అడుగున ఒక హెచ్‌ఎంటీ వాచీ దొరుకుతుంది. పెళ్ళిలో అల్లుడికి పెట్టినదో, మొదటి జీతంతో కొనుక్కున్నదో అయి ఉంటుంది. అలాంటివి మళ్ళీ నడవాలనే కోరికతో మేం ఆరుగురం ఆదివారాలు ఒక మేడగదిలో కూర్చుంటున్నాం. నలుగురం తెలుగువాళ్ళం, ఇద్దరు ఒడియా మిత్రులు. ఎవరికీ ఇది వృత్తి కాదు. కొత్తగా వచ్చి కూర్చునేవాళ్ళు పదే పదే అడిగే సందేహాలకు మా బల్ల మీద తేలిన జవాబులు ఇవి.

నేను చెప్పే వాచీలు ఎక్కువగా కీ ఇచ్చే పదిహేడు రాళ్ళ (చక్రాల ఇరుసులు తిరిగే చిన్న రాళ్ళ) రకాలు: జనతా, పైలట్, కోహినూర్ లాంటివి. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది. ఆ వాచీల కంపెనీని మూసేయాలని ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. కాబట్టి ఇప్పుడు పార్ట్ కావాలంటే ఇంకో పాత మూవ్‌మెంట్ (వాచీ లోపలి యంత్రం) నుంచి తీసుకోవాల్సిందే. ఒక పార్ట్ పాడుచేయడమంటే ఇంకో వాచీని చంపడమే. అందుకే తొందర వద్దంటాను.

ఆగిన వాచీని చూడగానే చెయ్యి నూనె సీసా మీదికి పోతుంది. దయచేసి ఆ పని చేయకండి. ఎండిపోయిన పాత నూనె మీద కొత్త చుక్క పడితే, రెండూ దుమ్ముతో కలిసి జిగురవుతాయి. వాచీ ఒక వారం నడిచి మళ్ళీ ఆగుతుంది. ఆ వారంలో ఆ మురికి పివట్‌ను, అంటే చక్రం ఇరుసు కొసను, సానరాయిలా అరగదీస్తుంది. నూనెకు ముందు అడగాల్సింది ఒక్కటే: కీ ఇచ్చిన బలం ఎక్కడిదాకా వచ్చి ఆగింది? మెయిన్ స్ప్రింగ్ ఉన్న బ్యారెల్ నుంచి సెంటర్ వీల్, థర్డ్ వీల్, ఫోర్త్ వీల్, ఎస్కేప్ వీల్, దాని పళ్ళను ఒక్కొక్కటే వదిలే ప్యాలెట్ ఫోర్క్, చివరికి అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం. బలం వెళ్ళే దారి ఇది. చివరి మడికి నీళ్ళు అందకపోతే రైతు కాలువగట్టు వెంట ఎలా నడుచుకుంటూ వెళ్ళి చూస్తాడో, మనమూ అలాగే చూడాలి.

కీ ఎంత తిప్పినా నిండడం లేదు

కీ ఇచ్చే వాచీ నిండగానే గట్టిగా ఆగాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే మెయిన్ స్ప్రింగ్ తెగింది, లేదా దాని చివర బ్యారెల్ గోడకో మధ్య ఇరుసుకో పట్టుకోకుండా జారుతోంది. తిప్పిన కీ వేళ్ళలోనుంచి వెనక్కి తిరిగిపోతుంటే స్ప్రింగ్ బాగానే ఉంది, క్లిక్ (స్ప్రింగ్ వెనక్కి విప్పుకోకుండా ఆపే కొక్కెం) పట్టడం లేదు. క్లిక్ వెనక ఉండే సన్నని తీగ స్ప్రింగ్ ఎగిరిపోయి ఉంటుంది. అది వెంట్రుకంత సన్నం, నేల మీద పడితే దొరకదు. తెల్లటి బట్ట పరిచిన ట్రేలో పని చేయమని చెప్పేది ఇందుకే. తెగిన మెయిన్ స్ప్రింగ్‌ను అతకలేం. అదే వెడల్పు, మందం, పొడవు ఉన్నది వేయాలి.

కీ నిండుగా ఉంది, వాచీ నడవడం లేదు

మా బల్ల మీదికి వచ్చేవాటిలో ఎక్కువ ఈ రకమే. ముందు స్ప్రింగ్‌లో ఉన్న బలాన్ని దించాలి. కీని రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుని, క్లిక్‌ను సన్నని పుల్లతో పక్కకు నెట్టి, కీని వేళ్ళ మధ్య కొద్దికొద్దిగా జారనివ్వాలి. మా ఒడియా మిత్రుడు ఈ పని చేసేటప్పుడు ప్రతిసారీ “ధీరే ధీరే” అని పైకే అనుకుంటాడు. ఇప్పుడు మాకందరికీ అదే అలవాటైంది. బలం దించకుండా ప్యాలెట్ ఫోర్క్ తీస్తే చక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగి పళ్ళో పివట్లో విరుగుతాయి.

బలం దించాక మూడు పరీక్షలు చేస్తాం. ఈ వరస తప్పించం.

మొదటిది, బ్యాలెన్స్, ప్యాలెట్ ఫోర్క్ తీసేసి కీ రెండు మూడు పళ్ళు మాత్రమే తిప్పడం. చక్రాలు వెంటనే పరుగెత్తాలి. ఆగే ముందు ఎస్కేప్ వీల్ కొంచెం వెనక్కి తిరిగి ఆగాలి. ఆ వెనకడుగు కనిపిస్తే అక్కడిదాకా దారి శుభ్రం. చక్రాలు బద్ధకంగా కదిలినా, మధ్యలో టక్కున ఆగినా, ఏదో పంటిలో మురికి ఉంది, లేదా పివట్ వంగింది, లేదా రాయి పగిలింది. ఐ గ్లాస్ పెట్టుకుని ఒక్కో చక్రాన్ని చిమటాతో మెల్లగా పైకీ కిందికీ కదిపి చూడండి. ప్రతిదానికీ కాస్తంత ఆట ఉండాలి. ఏ చక్రం బిగుసుకుని ఉందో అక్కడే మీ జవాబుంది.

రెండోది, ప్యాలెట్ ఫోర్క్ తిరిగి బిగించి, కాస్త కీ ఇచ్చి, ఫోర్క్ తోకను సన్నని సూదితో అటువైపు నెట్టడం. సగం దూరం వెళ్ళాక మిగిలిన సగం అదే టప్పున దూకాలి. దూకకుండా మన సూదితోపాటే ఈడ్చుకుంటూ వస్తే ప్యాలెట్ రాళ్ళ మీద జిగురుంది, లేదా ఫోర్క్ పివట్లకు ఎవరో నూనె పెట్టారు. ఆ పివట్లకు నూనె పెట్టకూడదు. నూనె కావాల్సింది ఎస్కేప్ వీల్ పళ్ళు తగిలే రాళ్ళ ముఖాలకు.

మూడోది, ఫోర్క్ తీసేసి బ్యాలెన్స్‌ను ఒంటరిగా బిగించి, గాలి బ్లోయర్‌తో ఒక్కసారి ఊదడం. ఊయల మెల్లగా ఆగినట్టు చాలాసేపు ఊగి ఆగాలి. తర్వాత మూవ్‌మెంట్‌ను తిరగేసి మళ్ళీ ఊదండి. ఒకవైపు బాగా ఊగి, రెండోవైపు తొందరగా ఆగిపోతే ఆ వైపు పివట్‌నో, దాని కొసకు అడ్డంగా ఉండే మూత రాయినో చూడాలి. రెండువైపులా తొందరగా ఆగితే బ్యాలెన్స్‌ను ఊపే సన్నని చుట్ల హెయిర్ స్ప్రింగ్ ఎక్కడో రాసుకుంటోంది, లేదా రెండువైపులా మురికుంది.

ఈ మూడూ అయ్యేసరికి బలం ఏ పార్ట్ దగ్గర ఆగిందో తెలుస్తుంది. మురికే కారణమైతే మొత్తం విప్పి కడగాలి. సగం కడగడం అంటూ ఏమీ లేదు. మేం లైటర్‌లో పోసే ఇంధనంతో కడుగుతాం. కిటికీలు తెరిచి, గదిలో దీపం, అగరొత్తి ఏవీ లేవని చూసుకున్నాకే సీసా మూత తీస్తాం. రాళ్ళ రంధ్రాలను కొస చెక్కిన పుల్లతో తిప్పి తుడవాలి. పుల్ల తెల్లగా బయటికి వచ్చేదాకా కొస చెక్కుతూ తిప్పుతూ ఉండాలి. పివట్లను శుభ్రం చేయడానికి జీలుగు బెండు వాడతాం. పెళ్ళి బాసికాలకు వాడే బెండే. పివట్‌ను దానిలో నాలుగైదుసార్లు గుచ్చి తీస్తే పాత జిగురు దానికే అంటుకుంటుంది.

ప్యాలెట్ ఫోర్క్‌ను మాత్రం స్పిరిట్‌లో వేయకండి. శానిటైజర్ కూడా స్పిరిటే. ప్యాలెట్ రాళ్ళను అంటించేది లక్కతో, మన గాజులకు వాడే జాతి లక్కే. స్పిరిట్‌లో అది కరిగి రాయి జారుతుంది. బ్యాలెన్స్ కింద ఉండే చిన్న రాయికీ ఇదే సంగతి.

కడిగి బిగించాక రెండు గంటలు నడిచి ఆగింది

ఇది మన చేతి తప్పు. ముందు ఇది ఒప్పుకుంటే వెతకడం తేలిక. మొదట ముళ్ళు చూడండి: గంటల ముల్లు, నిమిషాల ముల్లు ఒకదాన్నొకటి దాటేటప్పుడు రాసుకుంటున్నాయేమో, సెకన్ల ముల్లు గాజుకు తగులుతోందేమో. ప్రతిసారీ ఒకే టైమ్ దగ్గర ఆగితే ముమ్మాటికీ ముళ్ళే.

ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంటే నూనె ఎక్కువైంది, లేదా ఎక్కడో ఒక పోగు ఉంది. తువ్వాలు పోగు ఒక్కటి పళ్ళ మధ్య పడినా చాలు. నూనె విషయంలో మా లెక్క: సెకన్లకు దగ్గరి వేగమైన చక్రాలకూ, బ్యాలెన్స్‌కూ మోబియస్ కంపెనీ వాచీ నూనె 9010, బ్యారెల్ వైపు నెమ్మదైన బరువు చక్రాలకు చిక్కటి హెచ్‌పీ 1300, ప్యాలెట్ రాళ్ళకు 9415. పళ్ళకు నూనె లేదు. బ్యాలెన్స్ మూత రాయి మీద పెట్టిన చుక్క రాయి వెడల్పులో సగం నుంచి మూడింట రెండొంతులు పరుచుకుని, గుండ్రంగా మధ్యలో నిలవాలి. అంచు తాకితే తుడిచి మళ్ళీ పెట్టాలి. ఈ చుక్క కుదరడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వద్దు. కొబ్బరినూనె చలికాలంలో సీసాలోనే గడ్డకడుతుంది, పివట్ మీద ఊరుకుంటుందా?

రోజుకు పదేసి నిమిషాలు ముందుకు పోతోంది

వినగానే అయస్కాంతం అనుకోండి. పది నిమిషాలు కాదు, గంట ముందుకు పోయినవీ చూశాం. ఈ పాత మూవ్‌మెంట్ గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు ఐదు. ఆ లెక్కను కాపాడేది హెయిర్ స్ప్రింగ్ పొడవు. అయస్కాంతం పట్టి రెండు చుట్లు అంటుకుంటే స్ప్రింగ్ పొట్టిదైనట్టే, ఊపు వేగం పెరుగుతుంది. మొబైల్ కవర్ మూత, హ్యాండ్‌బ్యాగ్ బటన్, స్పీకర్, ఇండక్షన్ స్టవ్, ఏదైనా కారణం కావచ్చు.

పరీక్షకు పిల్లల దిక్సూచి చాలు. వాచీని ఒకవైపు నుంచి దగ్గరికి తెచ్చి, తర్వాత తిప్పి ఇంకోవైపు నుంచి తెండి. మామూలు ఇనుము ఎటునుంచైనా ముల్లును లాగుతుంది. ఒకవైపు లాగి, ఇంకోవైపు నెడితే అది అయస్కాంతమైనట్టే. డీమాగ్నెటైజర్ చవకగా దొరుకుతుంది. బటన్ నొక్కి, వాచీని దానిమీద పెట్టి, బటన్ నొక్కి ఉంచే వాచీని చెయ్యి చాచినంత దూరం మెల్లగా వెనక్కి లాగి, అప్పుడు బటన్ వదలాలి. దగ్గరుండగానే వదిలేస్తే కొత్తగా మళ్ళీ పడుతుంది.

దిక్సూచి ఏమీ చెప్పకపోతే చుట్ల మధ్య నూనె ఉందేమో చూడండి. బ్యాలెన్స్‌ను లైటర్ ఇంధనంలో ముంచి ఆరబెడితే సరిపోతుంది. రెండూ కాకపోతే స్ప్రింగ్ వంగి ఉంటుంది. మొదటి ఏడాది వంగిన హెయిర్ స్ప్రింగ్ ముట్టుకోకండి. ఎందుకూ పనికిరాని మూవ్‌మెంట్ మీద నేర్చుకోండి.

రోజుకు అరనిమిషం తేడా అయితే అది రోగమే కాదు. రోజుకు 86,400 సెకన్లు, అందులో ముప్పై అంటే 0.035 శాతం. రెగ్యులేటర్‌ను (వేగం సర్దే చిన్న మీటను) తాకీ తాకనట్టు జరిపితే సర్దుకుంటుంది.

వెనకబడుతోంది, లేదా పడుకోబెడితే ఒక టైమ్, నిలబెడితే ఒక టైమ్

ఇక్కడ టైమ్‌గ్రాఫర్ (వాచీ టిక్ టిక్ విని వేగం, ఊపు చూపే యంత్రం) ఉంటే మేలు. మేం అందరం డబ్బు వేసుకుని ఒకటి కొన్నాం. దాంట్లో ముందుగానే ఉండే లిఫ్ట్ యాంగిల్ (ఊపు లెక్కకు వాడే కోణం) 52 డిగ్రీలు. మీ మూవ్‌మెంట్‌ది వేరైతే అది మార్చకుండా ఊపు అంకె, అంటే బ్యాలెన్స్ ఎన్ని డిగ్రీలు ఊగుతోందో చెప్పేది, నమ్మొద్దు. నిండా కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టినప్పుడు ఊపు 260 డిగ్రీలు దాటితే పాత వాచీకి చాలా మంచిది. నిలబెడితే పాతిక ముప్పై డిగ్రీలు తగ్గడం సహజం. 200 లోపు వస్తే బలాన్ని దారిలో ఏదో తింటోంది. అలసిన మెయిన్ స్ప్రింగ్, అరిగిన పివట్, చిక్కటి నూనె తప్పుచోట పెట్టడం, వీటిని ఆ వరసలోనే చూడండి. బీట్ ఎర్రర్ (టిక్కుకూ టాక్కుకూ మధ్య వ్యవధిలో తేడా) 1 మిల్లీసెకను లోపు ఉంటే వదిలేయండి. దాన్ని సున్నా చేయాలన్న పట్టుదలతో హెయిర్ స్ప్రింగ్ పాడుచేసుకున్నవాళ్ళు మాలోనే ఇద్దరున్నారు.

సెకన్ల ముల్లు తిరుగుతోంది, టైమ్ కదలడం లేదు

కానన్ పినియన్ (నిమిషాల ముల్లు కూర్చునే చిన్న గొట్టం) వదులైంది. అది కింద ఇరుసును రాపిడితోనే పట్టుకోవాలి. బయటికి తీసి, లోపల సన్నని ఇత్తడి తీగ ఉంచి, నడుము దగ్గర ముందే ఉన్న గుంత మీదే కొద్దిగా నొక్కాలి. ఎక్కువ నొక్కితే టైమ్ మార్చేటప్పుడు కీ బిగుస్తుంది. కీ కాడతో సహా ఊడి చేతికొస్తే దాన్ని పట్టి ఉంచే సెట్టింగ్ లీవర్ స్క్రూ వదులైంది, బిగిస్తే చాలు.

తుప్పు, విరిగిన స్క్రూ

గోపాలపూర్ సముద్రం మాకు దగ్గర. ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమే. వేలి చెమట తగిలిన స్టీలు పార్ట్ మీద వారంలో మచ్చ వస్తుంది. అందుకే వేలి తొడుగులు, డబ్బాలో సిలికా జెల్ మాకు తప్పనిసరి. బియ్యం డబ్బాలో పెట్టడం మానండి, తవుడు దుమ్ము లోపలికి పోతుంది.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను తీరం దాటినప్పుడు తడిసిన ఒక జనతా వాచీ చాలా ఏళ్ళ తర్వాత మా దగ్గరికి వచ్చింది. రైల్వేలో రిటైరైన మా బాబాయిగారిది. కీ కాడ తుప్పుపట్టి, స్క్రూలు బిగుసుకుపోయాయి. క్రౌన్ వీల్ (కీ ఇచ్చేటప్పుడు తిరిగే చక్రం) స్క్రూను నేను మామూలు దిక్కులో విప్పబోయి తల విరిచాను. చాలా మూవ్‌మెంట్లలో ఆ స్క్రూ ఎడమ మర. బిగించే దిక్కుకు తిప్పితేనే ఊడుతుంది. కొన్నిటికి గుర్తుగా తల మీద మూడు గాట్లుంటాయి. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

విరిగిన స్క్రూకు మందు మన గుమ్మానికి వేలాడే పటిక. ప్లేట్ మీద ఉన్న స్టీలు పార్టులన్నీ తీసేసి, ఇత్తడి ప్లేట్ ఒక్కదాన్నే గాజుగిన్నెలో పటిక చిక్కగా కరిగించిన నీళ్ళలో ఉంచాలి. గిన్నెను వేడినీళ్ళ పళ్ళెంలో పెట్టి గోరువెచ్చగా ఉంచితే పని త్వరగా అవుతుంది. స్టీలు నల్లటి మడ్డిగా మారి కరిగిపోతుంది. ఇత్తడికీ, రాళ్ళకూ ఏమీ కాదు, పైపూత మెరుపు మాత్రం కొంచెం తగ్గొచ్చు. ప్లేట్‌లో ఒక్క స్టీలు పిన్ను మర్చిపోయినా అదీ కరుగుతుందని గుర్తుంచుకోండి. మాది ఒకటిన్నర రోజు పట్టింది. రంధ్రంలోని మర చెక్కుచెదరలేదు. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పాత మూవ్‌మెంట్ నుంచి తీసిన స్క్రూ ఎడమవైపు తిప్పి బిగించాం.

ఆ జనతా ఊపు డయల్ పైకి పెడితే 248, కీ కిందికి పెడితే 215. రోజుకు ఇరవై సెకన్లు వెనక. బ్యాలెన్స్ పివట్ మీద ఒక తుప్పు గుంత మిగిలిపోయింది, అది మా చేతికి లొంగలేదు. బాబాయిగారు రోజూ పొద్దున కాఫీ తాగుతూ దానికి కీ ఇస్తున్నారు.