చార్టు మీద అడవి యుద్ధం: ఇద్దరు ఆడుకునే హెలికాప్టర్ల ఆట ఎలా చేసుకోవాలంటే

మన రాయగడలో ఇలాంటి ఆట కొట్లో దొరకదు కాబట్టి ఇంట్లోనే చేసుకుందాం. చార్టు, స్కెచ్ పెన్నులు, బిళ్ళలు కత్తిరించడానికి పాత శుభలేఖల అట్ట, ఒక లూడో డైస్, అంతే సామాను.

1965 నవంబరులో వియత్నాంలోని ఇయా ద్రాంగ్ లోయలో జరిగిన పోరాటాన్ని తీసుకోండి. అమెరికా ఒక బెటాలియన్‌ని, అంటే కొన్ని వందల మంది సైనికుల దళాన్ని, హెలికాప్టర్లలో తెచ్చి నేరుగా శత్రువైన ఉత్తర వియత్నాం సైన్యం పక్కనే దింపింది. చార్టు నిండా ఆరు మూలల గళ్ళు గీసి, పడమర పక్క చూ పాంగ్ కొండ, మిగతా అంతా చెట్లు, గడ్డి, అక్కడక్కడ చెదపుట్టలు వేయండి. ఆ లోయలో పుట్టలు మనిషి కంటే ఎత్తు, అందుకే పుట్ట చాటున ఉన్నవాడి మీద కాల్చినప్పుడు డైస్‌లో ఒకటి తగ్గించాలి. హెలికాప్టర్ దిగే ఖాళీలు మాత్రం మూడుకి మించి పెట్టొద్దు. ఎక్కడ దిగుతారో అవతలివాడు ముందే ఊహించగలగాలి, ఆటలో అసలు టెన్షన్ అదే.

మన పులి-మేక లాగే ఇందులోనూ రెండు పక్షాల బలం ఒకటి కాదు. వియత్నాం ఆటగాడు తన బిళ్ళలన్నీ బోర్లా పెట్టి, వాటిలో కొన్ని ఉత్త దొంగ బిళ్ళలు కలపాలి. నియంగిరి అడవుల వైపు వానాకాలంలో తిరిగినవాళ్ళకి తెలుసు, పది అడుగుల అవతల మనిషి ఉన్నా కనపడడని, కాబట్టి పక్క గడిలోకి వచ్చేదాకా బిళ్ళ తిప్పి చూపించక్కర్లేదు.

ఒక్కో వంతు అరగంట అనుకోండి. నిజంగా జరిగింది కూడా అంతే: 16 హెలికాప్టర్లు వెళ్ళి రావడానికి దాదాపు అరగంట పట్టేది, బెటాలియన్‌లోని సుమారు 450 మంది వాటిలో ఒకేసారి పట్టరు, మొదట దిగినవాళ్ళు మిగతావాళ్ళు వచ్చేదాకా తక్కువ మందితోనే నెట్టుకురావాలి. అందుకే వంతుకి ఒక్క బిళ్ళే దిగాలి. దిగే ఖాళీకి ఆనుకుని శత్రువుంటే డైస్ వేయండి, 1 గానీ 2 గానీ పడితే ఆ విడత వెనక్కి పోయినట్టే. ఆ రోజు కాల్పుల మధ్య కొన్ని హెలికాప్టర్లని నిజంగానే దిగనివ్వలేదు.

ఫిరంగులు బోర్డు బయటే ఉంటాయి, అమెరికా ఆటగాడు వంతుకోసారి ఏ గడి మీదైనా వాడుకోవచ్చు. అయితే వియత్నాం బిళ్ళ అమెరికా బిళ్ళని ఆనుకుని ఉంటే దెబ్బ ఇద్దరికీ తగులుతుంది. అందుకే వియత్నాం పక్షం ఆడేవాళ్ళు భయపడి దూరంగా ఉండకండి, అతుక్కుపోండి.

ఇక గెలుపు. చంపిన లెక్కకి పాయింట్లు ఇవ్వడం నాకు అస్సలు ఇష్టం లేదు, రెండు వైపులా మనుషులే పోయారు. అప్పుడు ఒక అమెరికా ప్లటూన్ (బెటాలియన్‌లో ఒక చిన్న దళం) ముందుకెళ్ళి చిక్కుకుపోయింది, మర్నాడు గానీ దాన్ని చేరుకోలేకపోయారు. మన ఆటలోనూ ఒక బిళ్ళని మొదటే అలా విడిగా పెట్టి, 14 వంతుల్లో, అంటే చీకటి పడేలోగా, దాన్ని హెలికాప్టర్ దిగే ఖాళీ దగ్గరికి తెస్తే అమెరికా గెలుపు, లేకపోతే వియత్నాంది. తర్వాత పక్షాలు మార్చుకుని మళ్ళీ ఆడండి.

ఇది చేతికొచ్చాక అదే చార్టు మీద నవంబరు 17 నాటి ఆల్బనీ పోరాటం ఆడొచ్చు. ఆల్బనీ అంటే అదే లోయలో హెలికాప్టర్లు దిగే ఇంకో ఖాళీ, అక్కడికి నడిచి వెళ్తున్న అమెరికా సైనికుల బారు మీద వియత్నాం వాళ్ళు దాడి చేశారు. ఈసారి హెలికాప్టర్ వంతులు తీసేసి, అమెరికా బిళ్ళల్ని నడుస్తున్న బారులా ఒకదాని వెనక ఒకటి పేర్చి, వియత్నాం బిళ్ళల్ని ఆ బారు పక్కనే బోర్లా పెట్టి మొదలుపెట్టండి.