ఉద్యోగం ఉంది, ఒంటరిగా ఉంటున్నాను, అద్దెకు సాయం రావట్లేదు: బ్రిటన్‌లో చిక్కు ఎక్కడో కనిపెట్టడం

పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు, పైగా ఉద్యోగం ఉంది, ఇక అద్దెకు సాయం ఎవరిస్తారు? బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ళలో చాలామంది ఇలా అనుకుని అసలు అడగడమే మానేస్తారు. ఇది సరైన ఆలోచన కాదు. పనిచేసే వయసువారికి అద్దె సాయం ఇప్పుడు దాదాపుగా యూనివర్సల్ క్రెడిట్‌లోనే (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) కలిసి వస్తుంది. పాత హౌసింగ్ బెనిఫిట్ పెన్షన్ వయసువారికీ, సపోర్టెడ్ (సంరక్షణ సాయంతో కూడిన) లేదా తాత్కాలిక వసతిలో ఉండేవారికీ మాత్రమే మిగిలింది. యూనివర్సల్ క్రెడిట్‌లో వారానికి ఇన్ని గంటలు దాటి పనిచేస్తే రాదన్న నియమం లేదు. జీతం ఇంతకంటే తక్కువుంటేనే ఇస్తామన్న గీత కూడా లేదు. ఉన్నదల్లా ఒక లెక్క. అది మీ విషయంలో ఎక్కడ ఆగిపోతోందో చూద్దాం.

ముందు వీసా చూసుకోండి

స్టూడెంట్, గ్రాడ్యుయేట్, స్కిల్డ్ వర్కర్ వీసాల మీద ఉన్నవారికి సాధారణంగా "ప్రభుత్వ నిధులు వాడకూడదు" అనే షరతు ఉంటుంది. యూనివర్సల్ క్రెడిట్, హౌసింగ్ బెనిఫిట్, కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ (తక్కువ ఆదాయం వల్ల స్థానిక పన్నులో తగ్గింపు), కౌన్సిల్ ఇల్లు ఇవన్నీ ఆ నిధుల కిందికే వస్తాయి. "ఊరికే అప్లై చేసి చూద్దాం, రాకపోతే పోయె" అని మాత్రం అనుకోవద్దు. షరతు ఉండగా తీసుకుంటే రేపు వీసా పొడిగింపుకీ, ఐఎల్ఆర్‌కీ (శాశ్వత నివాస అనుమతి) ఇబ్బంది అవుతుంది. మీ ఈవీసా (ఆన్‌లైన్ వీసా రికార్డు) తెరిచి ఆ షరతు ఉందో లేదో చూసుకోండి. ఉంటే, ఈ కింద చెప్పే యూనివర్సల్ క్రెడిట్ దారి మీకు లేదు. కానీ ఒకటి మాత్రం ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళు మీరు ఒక్కరే అయితే కౌన్సిల్ ట్యాక్స్‌లో 25 శాతం తగ్గింపు వస్తుంది. అది ప్రభుత్వ నిధుల కిందికి రాదు, భయపడకుండా అడగవచ్చు. వీసా షరతు మార్చుకునే అవకాశం గురించి అడగాలంటే గుర్తింపు ఉన్న ఇమిగ్రేషన్ సలహాదారునే అడగండి, వాట్సాప్ గ్రూపుల్లో కాదు.

ఐఎల్ఆర్ లేదా పౌరసత్వం ఉండి, ఆ షరతు లేనివారు ముందుకు చదవండి.

"లెక్క వేస్తే సున్నా వస్తోంది"

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. కాబట్టి దీన్ని నిదానంగా చూద్దాం.

ముందు మీకు గరిష్ఠంగా ఎంత రావచ్చో కడతారు. 2026–27లో 25 ఏళ్ళు నిండిన ఒంటరి వ్యక్తికి నెలకు 424.90 పౌండ్లు, అంతకు తక్కువ వయసైతే 338.58. దానికి అద్దె భాగం కలుపుతారు. తర్వాత మీ చేతికొచ్చే జీతంలో 55 శాతం తీసేస్తారు. పిల్లలున్నవారికీ, అనారోగ్యం వల్ల పని సామర్థ్యం తక్కువని తేలినవారికీ జీతంలో కొంత ముందుగా వదిలేసి ఆపై లెక్కిస్తారు. ఈ రెండూ లేని ఒంటరివాళ్ళకు ఆ వెసులుబాటు లేదు, మొదటి పౌండు నుంచే కోత మొదలవుతుంది. ఒంటరిగా ఉన్నంత మాత్రాన అద్దె ఏమీ తగ్గదు కదా, నాకైతే ఇది న్యాయంగా అనిపించదు. అయినా రూలు అదే.

అద్దె భాగం అంటే మీరు కట్టే అద్దె మొత్తం అనుకోకండి. ప్రైవేటు ఇంట్లో ఉంటే మీ ప్రాంతానికి ఒక పరిమితి ఉంటుంది, దాన్ని లోకల్ హౌసింగ్ అలవెన్స్ అంటారు. ఒంటరిగా ఉండి వయసు 35 లోపు అయితే, మీరు ఒక బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఉన్నా సరే, షేర్డ్ ఇంట్లో ఒక గదికి ఇచ్చే రేటే ఇస్తారు. ఈ ఒక్క రూలు ఎంత తేడా తెస్తుందో చూడండి. చేతికి 1,500 పౌండ్లు వచ్చే ఇద్దరు ఒకే వీధిలో ఉన్నారనుకుందాం. అక్కడ ఒక బెడ్‌రూమ్ పరిమితి 600, షేర్డ్ రేటు 400 అనుకుందాం. 36 ఏళ్ళ వ్యక్తికి 424.90, 600 కలిపి 1,024.90. అందులో 1,500కి 55 శాతం, అంటే 825 పోగా నెలకు 199.90 పౌండ్లు వస్తాయి. 28 ఏళ్ళ వ్యక్తికి 824.90లోంచి 825 పోవాలి. 10 పెన్నీల తేడాతో అసలేమీ రాదు.

ఇలా అంచు మీద ఉన్నవారు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

షేర్డ్ రేటు నుంచి మినహాయింపులు ఉన్నాయి. కేర్ (ప్రభుత్వ సంరక్షణ) నుంచి బయటికొచ్చి ఇంకా 25 నిండనివారు, నిరాశ్రయుల హాస్టళ్ళలో కనీసం 3 నెలలు గడిపినవారు, గృహహింస బాధితులు, కొన్ని వైకల్య భత్యాలు అందుకునేవారు ఈ కోవలోకి రావచ్చు. మీకు వర్తిస్తుందనిపిస్తే ఆధారాలతో సహా జర్నల్‌లో (మీ యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ ఖాతాలో సందేశాలు రాసే చోటు) రాసి అడగండి. అధికారులు వాళ్ళంతట వాళ్ళు గుర్తించి ఇస్తారని ఎదురుచూడవద్దు.

పెన్షన్‌కి మీరు కట్టే డబ్బును జీతంలోంచి తీసేశాకే 55 శాతం లెక్కిస్తారు. పై ఉదాహరణలో 28 ఏళ్ళ వ్యక్తి తన పెన్షన్ వాటా కాస్త పెంచుకున్నా అర్హతలోకి వస్తాడు. నెలకు వచ్చేది కొద్దిపాటి మొత్తమే అయినా దాన్ని తేలిగ్గా తీసేయకండి. యూనివర్సల్ క్రెడిట్ అందుకునేవారికి చౌక బ్రాడ్‌బ్యాండ్ టారిఫ్‌ల లాంటివి అందుతాయి, కౌన్సిల్ దగ్గర అద్దె లోటుకు అదనపు సాయం అడగడానికీ అది ఆధారమవుతుంది.

కౌన్సిల్ ఇంట్లోనో హౌసింగ్ అసోసియేషన్ (లాభాపేక్ష లేకుండా ఇళ్ళు అద్దెకిచ్చే సంస్థ) ఇంట్లోనో ఉంటే ఈ షేర్డ్ రేటు గొడవ ఉండదు. అక్కడ అర్హమైన అద్దె మొత్తం లెక్కలోకి వస్తుంది. ఒక గది ఎక్కువుందని తేలితే 14 శాతం కోస్తారు.

పూర్తి సమయం కనీస వేతనానికి పనిచేసేవారి సంగతి కూడా చెప్పాలి. గంటకు 12.71 పౌండ్ల చొప్పున వారానికి 37.5 గంటలు చేస్తే, పెన్షన్ కోత లేకుండా చేతికి నెలకు సుమారు 1,780 వస్తుంది. అందులో 55 శాతం దాదాపు 979. అంటే 25 దాటినవారికి అద్దె భాగం సుమారు 554 పౌండ్లు దాటితేనే ఏదైనా మిగులుతుంది. అందుకే ఒకే జీతంతో ఒక ఊళ్ళో సాయం వస్తుంది, ఇంకో ఊళ్ళో రాదు.

"జీతం తక్కువే, అయినా అర్హత లేదన్నారు"

పొదుపు చూసుకోండి. 16,000 పౌండ్లు దాటితే యూనివర్సల్ క్రెడిట్ రాదు. 6,000 దాటితే ఆపైనున్న ప్రతి 250 పౌండ్లకు, లేదా అందులో భాగానికి, నెలకు 4.35 తగ్గిస్తారు.

మనవాళ్ళు తరచూ మరిచిపోయేది, స్వదేశంలో ఉన్నదీ లెక్కే. హైదరాబాద్‌లో మీ పేరున ఫ్లాటు, ఊళ్ళో స్థలం, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇవన్నీ చెప్పాలి. మీరు ఉంటున్న ఇల్లు కాకుండా ఉన్న ఆస్తికి మార్కెట్ విలువ చూసి, అమ్మకపు ఖర్చులకు 10 శాతం, దాని మీద ఉన్న అప్పు తీసేసి లెక్కిస్తారు. అన్నదమ్ములతో ఉమ్మడిగా ఉంటే మీ వాటా వరకే. దాచిపెట్టడం మోసం కిందికి వస్తుంది. సాయం కోసమని ఆస్తిని వేరేవాళ్ళ పేరున రాసినా, అది ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కించవచ్చు. ఉన్నది ఉన్నట్టు కాగితాలతో చూపించడమే మంచిది.

టాక్సీ, డెలివరీ లాంటి సొంత పని చేసేవారికి ఇంకో కారణం ఉండొచ్చు. పని కొత్తగా మొదలుపెట్టినవారికి ఇచ్చే వెసులుబాటు కాలం దాటాక, మీరు నిజంగా సంపాదించింది తక్కువైనా కనీస ఆదాయం ఇంత ఉందని అనుకుని కోత పెడతారు. ఆ పని ఇక గిట్టుబాటు కావడం లేదనిపిస్తే, అదే మీ ప్రధాన ఉపాధా కాదా అని వర్క్ కోచ్‌తో (మీ క్లెయిమ్ చూసే జాబ్‌సెంటర్ అధికారి) మాట్లాడండి.

"డబ్బు వస్తోంది, అద్దె భాగం మాత్రం లేదు"

చాలాసార్లు ఇది కాగితాల సమస్యే. టెనెన్సీ అగ్రిమెంట్‌లో మీ పేరు లేకపోవడం, అద్దె నగదుగా ఇచ్చి రసీదు లేకపోవడం. ఈ నెల నుంచే బ్యాంకు ద్వారా కట్టండి, ఇంటి ఓనరు దగ్గర సంతకం చేసిన అగ్రిమెంటు తీసుకోండి. ముగ్గురు స్నేహితులు కలిసి ఒకే అగ్రిమెంటు మీద ఉంటే మామూలుగా అద్దెను మూడు సమాన వాటాలుగా చూస్తారు, మీ గది పెద్దదైనా సరే.

అన్నయ్య ఇంట్లోనో అమ్మానాన్నల ఇంట్లోనో ఉంటూ వాళ్ళకు అద్దె ఇస్తుంటే దానికి సాయం రాదు. దగ్గరి బంధువు వేరే ఇంటిని మీకు అద్దెకిస్తే రావచ్చు, కానీ అది నిజమైన అద్దె ఒప్పందమని చూపించాలి.

సొంత ఇంటి మార్ట్‌గేజ్ ఉంటే అద్దె భాగం ఉండదు. వడ్డీకి సాయం ఉంది కానీ అది అప్పు, తర్వాత తీర్చాలి. 2023 ఏప్రిల్ నుంచి ఉద్యోగం చేస్తున్నవారూ 3 నెలలు యూనివర్సల్ క్రెడిట్ అందుకున్నాక దాన్ని అడగవచ్చు.

"ఒక నెల వచ్చి, ఇంకో నెల మాయమైంది"

యూనివర్సల్ క్రెడిట్ లెక్క మీకు కేటాయించిన నెలరోజుల గడువును బట్టి నడుస్తుంది. నాలుగు వారాలకోసారి జీతం వచ్చేవారికి ఏడాదిలో ఒకసారి ఆ గడువులో రెండు జీతాలు పడతాయి, ఆ నెల సాయం సున్నా కావచ్చు. ఇది తప్పు కాదు, లెక్క తీరే అంత. ఏ నెలలో వస్తుందో ముందే క్యాలెండర్‌లో చూసుకుని అద్దె డబ్బు పక్కన పెట్టుకోండి, క్లెయిమ్ మూతపడితే వెంటనే మళ్ళీ పెట్టండి.

నెల జీతగాళ్ళ సంగతి వేరు. సెలవు రోజు అడ్డొచ్చి జీతం ముందే పడటంతో ఒకే గడువులో రెండు చేరితే, ఒకదాన్ని సరైన గడువుకు మార్చమని జర్నల్‌లో అడగవచ్చు. 2020 నవంబరు నుంచి నిబంధనల్లో ఆ వీలు ఉంది. పేస్లిప్‌లు జతచేయండి.

"సాయం వస్తోంది, అద్దెకు చాలట్లేదు"

ప్రాంతీయ పరిమితులను చివరిగా 2024 ఏప్రిల్‌లో పెంచారు, ఆ తర్వాత కదలలేదు. అద్దెలు మాత్రం ఆగలేదు. ఆ లోటుకు కౌన్సిల్‌ను అడగాలి. స్కాట్లాండ్, వేల్స్‌లో దాన్ని డిస్క్రిషనరీ హౌసింగ్ పేమెంట్ అంటారు, ఇంగ్లండ్‌లో 2026 ఏప్రిల్ నుంచి క్రైసిస్ అండ్ రెజిలియెన్స్ ఫండ్‌లో కలిపారు. నెలవారీ ఖర్చులు, బాకీ వివరాలు రాసి పెట్టుకుని అడగండి. కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్‌కు మాత్రం విడిగా అప్లై చేయాలి, యూనివర్సల్ క్రెడిట్‌తో పాటు అది దానంతటదే రాదు.

నిర్ణయం తప్పనిపిస్తే ఆ తేదీ నుంచి నెలలోపు మాండేటరీ రీకన్సిడరేషన్ (నిర్ణయాన్ని మళ్ళీ పరిశీలించడం) అడగండి. దానిలోనూ కాదంటే ట్రిబ్యునల్‌కు వెళ్ళడానికి ఇంకో నెల ఉంటుంది. సిటిజన్స్ అడ్వైస్, షెల్టర్ అనే స్వచ్ఛంద సంస్థలు రెండూ ఉచితంగా సలహా ఇస్తాయి. వెళ్ళేటప్పుడు నిర్ణయం ఉత్తరం, చివరి పేస్లిప్‌లు, అద్దె అగ్రిమెంటు వెంట తీసుకెళ్ళండి.