కరెంటు వచ్చింది, మోటారు ఎత్తుకోవడం లేదు: తుఫాను, వరద తర్వాత సమస్యలు - పరిష్కారాలు

తుఫాను రోజున కరెంటే ఉండదు, మోటారు కాలదు. కాలేది స్తంభాలు నిలబెట్టి లైను వదిలిన రోజున. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. అలాంటప్పుడు తాగునీటి బోర్లు, పొలం మోటార్లు అన్నీ ఒక్కసారే కావలసి వస్తాయి. ఆ తొందరలో ఎత్తుకోని మోటారుకి రెండోసారి, మూడోసారి బటన్ నొక్కుతారు, వైండింగు పోతుంది. మొదటిసారి ఎత్తుకోలేదంటే ముందు మీటరు పెట్టి చూడాలి.

వైర్లు ముట్టుకునే ముందు మెయిన్ దించి, ఫ్యూజు క్యారియర్లు ఊడదీసి జేబులో వేసుకోండి. టెస్టరు పనిచేస్తోందో లేదో కరెంటు ఉన్న చోట ఒకసారి చూసుకున్నాకే మోటారు దగ్గర పెట్టండి. ట్రాన్స్‌ఫార్మరు గద్దె ఎక్కడం, ఏబీ స్విచ్ (11 కేవీ లైనుని విడదీసే స్విచ్) లాగడం లైన్‌మన్ పని. ఎంత అర్జెంటైనా మనం చేయకూడదు.

గుంయ్‌మంటుంది, షాఫ్టు కదలదు (త్రీఫేజు)

వెంటనే ఆపేయండి. మూడు ఫేజులు కలిస్తేనే స్టేటరులో (మోటారులో కదలని భాగం) అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరిగి రోటరుని (తిరిగే భాగం) లాగుతుంది. ఒక ఫేజు పోతే ఆ క్షేత్రం తిరగదు, ఉన్నచోటే అటూ ఇటూ మారుతుంటుంది. రోటరు కదలదు కానీ మిగిలిన రెండు ఫేజులూ మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతాయి. అలా వదిలేస్తే నిమిషంలోపే వార్నిష్ వాసన వస్తుంది.

ఇక్కడ నియాన్ టెస్టరుని నమ్మకండి. పోయిన ఫేజులోకి కూడా మోటారు వైండింగు గుండా కరెంటు తిరిగి వచ్చి దీపం వెలుగుతుంది. మోటారు వైర్లు విప్పి, స్టార్టరు ఇన్‌కమింగ్ దగ్గర మల్టీమీటరుని ఏసీ 750 రేంజిలో పెట్టి ఫేజుకీ ఫేజుకీ మధ్య మూడు జతలూ చూడండి.

మూడూ 390 నుంచి 440 వోల్టుల మధ్య ఉంటే లైను బాగుంది, తప్పు మన వైపే. ఒక జతకే 415 వచ్చి మిగతా రెండూ బాగా పడిపోతే ట్రాన్స్‌ఫార్మరు ఎల్‌టీ ఫ్యూజో (మన వైపు తక్కువ వోల్టేజి ఫ్యూజు), దారిలో జంపరో (వైర్లను కలిపే ముక్క) తెగింది. మూడో రకం చాలామందిని తికమక పెడుతుంది. న్యూట్రలుతో చూస్తే ఒక ఫేజుకి 230 దాకా వస్తుంది, మిగతా రెండింటికీ దానిలో సగమే వస్తుంది, ఆ రెండింటి మధ్య దాదాపు సున్నా ఉంటుంది. అంటే 11 కేవీ వైపు హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజు ఒకటి పోయింది. ఫోన్ చేసేటప్పుడు ఈ రీడింగులు చెబితే లైన్‌మన్ నేరుగా అక్కడికే వెళ్తాడు.

లైను బాగుంటే స్టార్టరు కాంటాక్టులు గుంటలు పడ్డాయా, లగ్గులు (వైరు చివర బిగించే లోహపు కొసలు) నల్లబడ్డాయా చూడండి. అవీ బాగుంటే మెయిన్ దించి షాఫ్టుని చేత్తో తిప్పండి. వంశధార, నాగావళి వరద బురద ఇంపెల్లరులో (పంపులో నీళ్లు తోసే చక్రం) గట్టిపడినా, ఉద్దానం తీరంలో ఉప్పుగాలికి తుప్పు పట్టినా షాఫ్టు బిగుసుకుపోతుంది.

ఎత్తుకుంటుంది, ఐదు నిమిషాలకి ట్రిప్ అవుతుంది

ఎక్కువ కరెంటు లాగితే మోటారుని ఆపేసేది స్టార్టరులోని రిలే. దాని పాయింటు పెంచేయడం పరిష్కారం కాదు. క్లాంప్ మీటరుతో మూడు ఫేజుల ఆంపియర్లూ చూసి నేమ్‌ప్లేటుతో పోల్చండి. మూడూ సమానంగా ఎక్కువుంటే వోల్టేజి తక్కువైనా కావాలి, పంపు బిగిసైనా ఉండాలి. వోల్టేజి 350కి పడిపోతే మోటారు తిప్పే బలం దాదాపు 30 శాతం తగ్గుతుంది. కరెంటు రాగానే ఊరంతటి ఆటో స్టార్టర్లూ ఒకేసారి ఎత్తుకోబోతే జరిగేది ఇదే. ఆ రోజుకి ఆటో తీసేసి వంతుల వారీగా వేసుకోవడం మేలు.

ఒక్క ఫేజే ఎక్కువ చూపిస్తే తప్పు లైనుదా మోటారుదా అని తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. మెయిన్ దించి మోటారు వైర్లు మూడింటినీ ఒక్కో స్థానం జరపండి (ఆర్, వై, బీ అంటే మూడు ఫేజుల పేర్లు): ఆర్‌లోది వైకి, వైలోది బీకి, బీలోది ఆర్‌కి. తిరిగే దిశ మారదు. ఇప్పుడూ ఎక్కువ ఆంపియర్లు అదే లైనులో ఉంటే సప్లైలో లోపం. వైరుతో పాటు జరిగితే వైండింగులో లోపం, షాపుకి పంపాల్సిందే.

స్టార్-డెల్టా స్టార్టరులో (ముందు తక్కువ వోల్టేజితో ఎత్తి, తర్వాత పూర్తి వోల్టేజికి మార్చేది) రిలే వైండింగు వైపు ఉంటే సెట్టింగు నేమ్‌ప్లేటు కరెంటులో 58 శాతం ఉండాలి. నేమ్‌ప్లేటు 11 ఆంపియర్లయితే రిలే 6.4 దగ్గర పెట్టాలి. దీన్ని 11 దగ్గర పెడితే రిలే ఉన్నా లేనట్టే.

తిరుగుతోంది, నీళ్లు సరిగా రావడం లేదు

లైను కొత్తగా లాగినప్పుడు ఫేజులు తారుమారై మోటారు ఎదురు తిరుగుతుంది. పంపు మీది బాణం గుర్తు చూడండి. ఏవైనా రెండు ఫేజులు మార్చితే సరి.

నీట మునిగిన మోటారు

ఎండలో ఆరబెట్టి స్విచ్ వేస్తే కాలడం ఖాయం. విప్పి, బురదా ఉప్పూ పోయేలా మంచినీళ్లతో కడిగి, వైండింగు షాపు ఓవెన్లో 80-90 డిగ్రీల దగ్గర ఆరబెట్టించండి. మంట చూపించకండి. బేరింగుల్లో పాత గ్రీజు మొత్తం తీయించాలి.

తర్వాత 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వైండింగుకీ బాడీకీ మధ్య ఒక నిమిషం పరీక్షించాలి. స్టార్టరు వైర్లు ముందే విప్పండి, లేకపోతే ఆటో బోర్డు కాలిపోతుంది. రీడింగు 1 మెగా ఓమ్ కంటే తక్కువుంటే కరెంటు ఇవ్వకూడదు. 5 దాటి నిలకడగా ఉంటే ధైర్యంగా బిగించవచ్చు. వేడి మీద కొలిస్తే మొదట రీడింగు పడిపోయి, తడి వదిలాక మళ్లీ పెరుగుతుంది. పడిపోయిందని ఆరబెట్టడం మధ్యలో ఆపేయకండి. పరీక్ష అయ్యాక వైండింగుని బాడీకి తాకించి మిగిలిన చార్జి వదిలించండి.

ఇంటి ఒంటి ఫేజు మోటారు గుంయ్‌మంటే

స్విచ్ తీసి షాఫ్టు తిప్పండి. వదులుగా తిరిగితే కెపాసిటరుని అనుమానించాలి. రెసిస్టరుతో డిశ్చార్జి చేశాకే ముట్టుకోండి. దాని మీద రాసిన మైక్రోఫ్యారడ్ల విలువదే కొత్తది వేయండి.

జనరేటరు తిరుగుతోంది, వోల్టేజి లేదు

ముందు చేంజోవరు స్విచ్ (లైనుని విడదీసి ఇంటిని జనరేటరుకి కలిపేది) ఉందో లేదో చూడండి. లేకుండా ప్లగ్గులో గుచ్చి ఇంటి వైరింగుకి కరెంటు ఇస్తే, అది వెనక్కి ట్రాన్స్‌ఫార్మరుకి పోయి 11 వేల వోల్టులవుతుంది. లైను చచ్చిందనుకుని స్తంభం మీద పనిచేస్తున్న మనిషి ప్రాణం పోతుంది. జనరేటరుని గదిలో, వరండాలో పెట్టకండి, పొగ ప్రాణాంతకం.

లోడు తీసేసి అవుట్‌పుట్ కొలవండి. 2 నుంచి 5 వోల్టులు వస్తుంటే అయస్కాంతత్వం మిగిలే ఉంది, బ్రష్షులు, ఏవీఆర్ (వోల్టేజిని నిలకడగా ఉంచే బోర్డు) చూడాలి. పూర్తిగా సున్నా ఉంటే, చాలాకాలం మూలన పడి ఉండి రోటరులోని శేష అయస్కాంతత్వం పోయిందని అర్థం. బ్రష్షుల రకమైతే ఇంజను ఆపి, ఏవీఆర్ ప్లగ్గు పీకి, 12 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ని ప్లస్ బ్రష్షుకి, మైనస్‌ని మైనస్‌కి మూడు నాలుగు సెకన్లు తాకించి తీసేయండి. ప్లగ్గు మళ్లీ పెట్టి స్టార్ట్ చేస్తే వోల్టేజి వస్తుంది. లోడు లేకుండా ఫ్రీక్వెన్సీ 51-52 హెర్ట్జ్ ఉండేలా థ్రాటిల్ సర్దాలి, లోడు పడ్డాక 50 దగ్గర నిలుస్తుంది. డీఓఎల్ స్టార్టరుతో (మోటారుని నేరుగా పూర్తి వోల్టేజికి కలిపేది) 5 హెచ్‌పీ మోటారు ఎత్తాలంటే 10 నుంచి 12.5 కేవీఏ జనరేటరు కావాలి, 5 కేవీఏది సరిపోదు.