ఎరిచే వెళ్తే ఒక రాత్రి కొండ మీదే ఉండండి

మన డెల్టాలో ఎటు చూసినా చేలు, కాలువలు, కొబ్బరి తోటలే. కొండ చూడాలంటే అన్నవరమో పాపికొండలో వెళ్లాలి. అందుకేనేమో, ఇటలీలోని సిసిలీ దీవిలో సముద్రానికి దాదాపు 750 మీటర్ల ఎత్తున ఉన్న ఎరిచే అనే ఈ రాతి ఊరు మన కళ్లని ఇట్టే పట్టేస్తుంది. చాలామంది మధ్యాహ్నం ఎక్కి, ఫొటోలు దిగి, సాయంత్రానికి కిందికి వచ్చేస్తారు. మీరు అలా చేయకండి.

ముందు షెంగెన్ వీసా, అంటే ఇటలీతో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి చెల్లే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, 30,000 యూరోల ఆరోగ్య బీమా తప్పనిసరి. రాజమండ్రి నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి రోమ్, రోమ్ నుంచి గంట విమానంలో సిసిలీలోని పలెర్మో, ఆపైన బస్సులో కొండ కింద ఉన్న త్రాపని పట్టణం. పాలకోవా సర్దుకోకండి, బయటి దేశాల పాల పదార్థాలని యూరప్‌లోకి రానివ్వరు.

త్రాపని ఊరి చివర రోప్‌వే ఎక్కితే పది నిమిషాల్లో పైన ఉంటారు. గాలి బాగా వీస్తే ఆపేస్తారు, టెన్షన్ పడకండి, ఘాట్ రోడ్డు మీద బస్సు ఉంది. పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే మాత్రం చెప్పులు చూసుకోండి: వీధుల్లో పరిచిన రాళ్లు వందల ఏళ్ల నడకకి నున్నబడి ఉన్నాయి, తడిస్తే జారతాయి, అన్నీ ఎగుడుదిగుళ్లే. రబ్బరు అడుగున్న బూట్లు, ఎండాకాలమైనా ఒక స్వెటర్ ఉండాలి.

చూడాల్సింది కొండ కొమ్మున ఉన్న వీనస్ కోట. ఒకే గ్రామదేవతని మనం ఊరికో పేరుతో కొలిచినట్టు, ఒకప్పుడు అక్కడున్న గుళ్లో ప్రేమ దేవతని ఫినీషియన్లు (పాతకాలపు సముద్ర వర్తకులు) అస్తార్తే అన్నారు, గ్రీకులు అఫ్రొదితే, రోమన్లు వీనస్. 12వ శతాబ్దంలో, అప్పట్లో సిసిలీని ఏలిన నార్మన్లు ఆ గుడి ఉన్న చోటే కోట కట్టారు. పెద్ద చర్చి 14వ శతాబ్దం నాటిది, పక్కనే గంట గోపురం.

తిండి విషయానికొస్తే, జెనొవేజే అనే అక్కడి మిఠాయి వేడివేడిగా తినాలి. కజ్జికాయలో పూర్ణంలా లోపల కస్టర్డ్ ఉంటుంది, గుడ్డు పడుతుంది కాబట్టి శాకాహారులు గమనించాలి. బాదం మిఠాయిలు ఒకప్పుడు మఠంలో సన్యాసినులు చేసేవారు. చిన్నప్పుడు అక్కడే పెరిగి ఆ పని నేర్చుకున్న మరియా గ్రమ్మాతికో తర్వాత సొంత కొట్టు పెట్టారు. చేపల పులుసు ఇష్టమైతే త్రాపనిలో చేపల కుస్‌కుస్ (గోధుమ రవ్వతో చేసేది) వదలొద్దు.

రాత్రి ఉండమన్నది ఎందుకంటే, జనం దిగిపోయాక వీధుల్లో మీ అడుగుల చప్పుడే వినిపిస్తుంది. తెల్లారి చాలాసార్లు ఊరంతా మబ్బులో ఉంటుంది, దాన్ని అక్కడివాళ్లు వీనస్ ముద్దు అంటారు. గదిలో కూర్చోకుండా కోట దగ్గరకి నడవండి. మబ్బు విడగానే కింద త్రాపని ఉప్పు మడులు కనిపిస్తాయి, అచ్చం ఊడ్పుల ముందు దమ్ము చేసి నీళ్లు పెట్టిన మన చేలలాగే, గట్లతో సహా.