చేసే పనుల్లోనే దేవుణ్ణి తలుచుకోవడం ఎలా?

పూజకి టైమ్ దొరకడం లేదనేవాళ్ళలో చాలామందికి నిజంగానే దొరకదు. వంట, పిల్లల బాక్సులు, ఆఫీసు బస్సు, వీటి మధ్య గంటసేపు దేవుడి గదిలో కూర్చోవడం ఎవరికి కుదురుతుంది? అందుకే కొత్త పని ఏదీ నెత్తికెత్తుకోకండి, ఎలాగూ చేసే పనికే దేవుడి పేరు కలపండి. పోతన భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడి గురించి "పానీయంబులు ద్రావుచున్ గుడుచుచున్" అని ఒక పద్యం ఉంది. నీళ్ళు తాగుతున్నా, తింటున్నా, మాట్లాడుతున్నా, నవ్వుతున్నా, చివరికి నిద్రపోతున్నా ఆ పిల్లవాడి మనసు నారాయణుడి పాదాల మీదే ఉండేదట. దానికోసం అడవికి పోలేదు, బడి మానలేదు.

పొద్దున్న మెలకువ రాగానే అరచేతులు చూసుకుని "కరాగ్రే వసతే లక్ష్మీః" అనుకోండి. కాలు కింద పెట్టేముందు "సముద్రవసనే దేవి" శ్లోకం, భూమాతను తొక్కుతున్నందుకు క్షమాపణ. శ్లోకాలు రాకపోతే "అమ్మా, క్షమించు" అన్నా చాలు. అంతవరకూ ఫోన్ ముట్టుకోకూడదు, నా దృష్టిలో మొత్తం సాధనలో కష్టమైనది ఇదే. స్నానానికి మొదటి చెంబు పోసుకునేటప్పుడు "గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి, నర్మదే సింధు కావేరి జలేఽస్మిన్ సన్నిధిం కురు" అనండి, బోరు నీళ్ళయినా సరే, ఏడు నదులనూ అందులోకి పిలుస్తున్నాం.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం వంటింట్లో కనిపిస్తుంది. స్టవ్ వెలిగించేముందు ఒక్క నమస్కారం, వండుతున్నంతసేపూ సీరియల్ బదులు ఏదో ఒక నామం. నైవేద్యం పెట్టే వంటని మధ్యలో రుచి చూడరు కాబట్టి ఉప్పూ కారం చేతి అంచనాతోనే వేయాలి, కొన్నాళ్ళకి అదే అలవాటవుతుంది. కుక్కర్ మూత తీయగానే, ఎవరూ తినకముందే, చిన్న గిన్నెలో కాస్త అన్నం, దాని మీద నాలుగు చుక్కల నెయ్యి వేసి దేవుడి ముందు పెట్టండి. చుట్టూ నీళ్ళు తిప్పి "ఓం ప్రాణాయ స్వాహా, అపానాయ స్వాహా, వ్యానాయ స్వాహా, ఉదానాయ స్వాహా, సమానాయ స్వాహా" అంటూ ఐదుసార్లు చేత్తో చూపించి, ఒక నిమిషం ఆగి, ఆ గిన్నెడు అన్నాన్ని మళ్ళీ పెద్దగిన్నెలో కలిపేయండి. ఇంక ఇల్లంతా తినేది ప్రసాదమే, దానికి వంకలు పెట్టబుద్ధి కాదు, పారేయడానికి చెయ్యి రాదు. వండే తీరిక లేని రోజున అరటిపండో బెల్లంముక్కో చాలు. ఆకు, పువ్వు, పండు, నీళ్ళు, ఏది భక్తితో ఇచ్చినా తీసుకుంటానని గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడే అన్నాడు, వెంటనే తర్వాతి శ్లోకంలో నువ్వు ఏం చేసినా, ఏం తిన్నా నాకే అర్పించు అని కూడా అన్నాడు.

బస్సులోనో మెట్రోలోనో జపమాల బయటికి తీయడం ఇబ్బందిగా ఉంటే వేళ్ళు ఉన్నాయిగా. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళ కణుపులు లెక్కపెడితే 12, అలా తొమ్మిదిసార్లు తిరిగితే 108. మనసు అస్తమానం పక్కకి పోయేవాళ్ళకి మాత్రం రామకోటి రాయమనే చెప్తాను, చెయ్యి, కన్ను, మనసు మూడూ ఒకే పేరు మీద ఉంటాయి కాబట్టి, లంచ్‌లో ఒక్క పేజీ రాసినా తేడా తెలుస్తుంది.

సాయంత్రం దీపం దగ్గర ఇంట్లో అందరూ ఐదు నిమిషాలు నిలబడి ఒక అన్నమయ్య కీర్తన పాడుకుంటే మంచిది, రాగం కుదరకపోయినా పర్లేదు. విదేశాల్లో మంట వెలిగించనివ్వని అపార్టుమెంట్లలో ఎలక్ట్రిక్ దీపం పెట్టుకుంటున్నారు, తప్పేం లేదు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి, వారానికే నీరసం వస్తుంది. ఏదో ఒకటి తీసుకుని మండలం, అంటే 40 రోజులు, వదలకుండా చేశాకే రెండోది కలపండి. మధ్యలో ఒకరోజు తప్పితే మర్నాడు రెట్టింపు చేసి టెన్షన్ పడక్కర్లేదు, మామూలుగా కొనసాగించండి. మైల, పురుడు, నెలసరి రోజుల్లో దీపం, నైవేద్యం విషయంలో మీ ఇంటి ఆనవాయితీ ఎలా ఉంటే అలా చేయండి. మనసులో అనుకునే నామానికి మాత్రం ఏ మైలా అంటదని పెద్దలు చెప్తారు, కాబట్టి ఆ రోజుల్లోనూ, ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడూ దాన్ని ఆపకండి.