దీపావళి దాటాకే కుండ: బడ్జీలను జత కట్టించే ముందు జాగ్రత్తలు

మన దగ్గర లవ్‌బర్డ్స్ పేరుతో అమ్మేవి చాలావరకు బడ్జీలు. ఇవి ఆస్ట్రేలియా చిలుకలు. అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికావి, వాటి తీరు వేరు. ఇక్కడ చెప్పేది బడ్జీల గురించే. రామచిలుకను పిల్లలు చేయించాలనుకునే వాళ్లు ఆ ఆలోచన ఇక్కడే మానుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పంజరంలో ఉంచడమే నేరం.

ముందు రోజులు లెక్క వేసుకోండి. గుడ్లు పెట్టే కుండ కట్టిన వారం పది రోజులకు మొదటి గుడ్డు వస్తుంది. ఆ తర్వాత రోజు విడిచి రోజు ఒక్కొక్కటి చొప్పున నాలుగు నుంచి ఆరు పెడుతుంది. ఒక్కో గుడ్డు పిల్ల కావడానికి 18 రోజులు, పిల్ల గూడు వదలడానికి మరో 30 నుంచి 35 రోజులు. అంటే ఒక్క కాన్పుకే రెండున్నర నెలలు. శివరాత్రికి కుండ కడితే పిల్లలు ఏప్రిల్ ఎండల్లో పడతాయి. మూసిన కుండలో ఆ వేడికి పిల్లలు బతకడం కష్టం, గుడ్డులోనే చచ్చేవీ ఉంటాయి. దసరాకే కడితే ఇంకో చిక్కు. పొదుగుతున్న ఆడపక్షి టపాసుల మోతకు చీకట్లో బయటికి దూకి, మళ్లీ కుండ దారి దొరకక తెల్లారేదాకా గుడ్లను చల్లబెడుతుంది. దీపావళి వెళ్లిన వారానికి కట్టడం అన్నిటికన్నా మేలు.

ఈలోపు నెల రోజులు మచ్చిక చేయడానికి వాడుకోండి. చాలామంది కుండ కట్టేశాక దగ్గరవ్వాలని చూస్తారు, అదే తప్పు. చేతికి భయపడే ఆడపక్షి మీరు మూత తీయగానే గుడ్ల మీద నుంచి ఎగిరి లేస్తుంది. గోరు తగిలి గుడ్డుకు చిల్లు పడితే అది ఇక పనికిరాదు. మొదటి వారం పంజరాన్ని మీ కంటి ఎత్తున పెట్టి, రోజూ ఒకే వేళకు మేత వేసి, పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడండి. రెండో వారం ఊచల సందులోంచి కొర్ర కంకి అందించండి. మూడో వారం తలుపు తీసి, కంకి పట్టుకున్న చేతిని కదపకుండా పూటకు పది నిమిషాలు లోపల ఉంచండి. అది వచ్చి తినాలే గానీ మీరు దాని మీదికి పోకూడదు. నాలుగో వారం వేలిని కాళ్లకు కాస్త పైన, పొట్టకు ఆనిస్తే ఎక్కుతుంది. పైనుంచి చెయ్యి తెచ్చి పట్టుకుంటే గద్ద వచ్చినట్టే లెక్క, నెల కష్టం ఒక్క పూటలో పోతుంది. నీళ్ల గిన్నె మారుస్తున్నప్పుడు పక్షి బెదరక కర్ర మీదే కూర్చుంటే కుండకు సిద్ధమైనట్టు. నిమిరితే తల మీదే నిమరండి. వీపు, రెక్కల కింద నిమిరితే మిమ్మల్నే జత అనుకుంటుంది.

ఆడదానికి ఏడాది, మగదానికి కనీసం పది నెలలు నిండాలి. ఆరు నెలలకే గుడ్డు పెట్టగలదు గానీ ఆ వయసు ఆడదానికే గుడ్డు ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ. ముక్కు మీది తోలు నీలంగా ఉంటే మగది, గోధుమరంగులో గరుకుగా ఉంటే ఈతకొచ్చిన ఆడది. తెల్లవి, పసుపువి అయితే మగవాటికీ గులాబీ రంగే ఉంటుంది, అక్కడ పొరబడతారు. హైదరాబాద్ ముర్గీ చౌక్ పక్షుల బజారులో కొన్నా, తెలిసినవాళ్లు ఇచ్చినా, కొత్త పక్షిని 30 నుంచి 45 రోజులు వేరే గదిలో ఉంచాలి. ఎండిన రెట్టను ఊడ్చకండి, తడిపి తుడవండి. ఆ దుమ్ముతో మనుషులకూ ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. గర్భిణులు ఈ పనికి దూరంగా ఉండాలి.

ఒక పంజరానికి ఒక జతే. రెండు ఆడవి ఒకే కుండ కోసం చంపుకునేదాకా కొట్టుకుంటాయి. పంజరం కనీసం 24 అంగుళాల పొడవు, 16 అంగుళాల వెడల్పు ఉండాలి.

కుండ అని అలవాటుగా అంటున్నాం గానీ చెక్కపెట్టె ఇంకా నయం. 8 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, ఎత్తు, రెండు అంగుళాల లోపు రంధ్రం, పైన జరిపే మూత, అడుగున చిన్న గుంట ఉండాలి. గుంట లేకపోతే గుడ్లు దొర్లి వేడి తప్పుతాయి. నున్నటి మట్టికుండలో పిల్లల కాళ్లు జారి రెండు పక్కలకూ చాపుకుపోతాయి. కుండే వాడాల్సి వస్తే అడుగున రెండు అంగుళాల మందాన రందా చెక్కపేళ్లు వేయండి, రంపపుపొట్టు వద్దు. పొట్టు పిల్లల ముక్కుల్లోకి పోతుంది.

తిండిలో అసలు సంగతి కాల్షియం. గుడ్డు పెంకు తయారవడానికే కాదు, గుడ్డును బయటికి నెట్టే కండరాలకూ అదే కావాలి. సముద్రపు నురుగు (కటిల్‌బోన్) ముక్క ఎప్పుడూ పంజరంలో ఉండాలి. కోడిగుడ్డు పెంకును పది నిమిషాలు ఉడికించి, ఎండబెట్టి, పొడి చేసి పెట్టినా సరే. పొద్దుటి ఎండ అద్దం అడ్డం లేకుండా నేరుగా తగలాలి. కొర్రలు, సామలు, వరిగలతో పాటు మునగాకు, కొత్తిమీర ఇవ్వండి. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేస్తుంది. ఉడికించిన కోడిగుడ్డు కుండ కట్టే రెండు వారాల ముందు నుంచి వారానికి రెండుసార్లు, పిల్లలు వచ్చాక రోజూ. రెండు గంటల్లో మిగిలింది తీసేయాలి.

ఆడది పంజరం అడుగున ఉబ్బి కూర్చుని, తోక ఊపుతూ, ముక్కుతూ ఉంటే గుడ్డు ఇరుక్కుందని అనుమానించాలి. పొట్ట నొక్కకండి, గుడ్డు లోపలే పగిలితే పక్షి పోతుంది. అట్టపెట్టెలో ఒక వైపు బల్బుతో 30 నుంచి 32 డిగ్రీల వెచ్చదనం, పక్కన తడిగుడ్డ గిన్నె ఏర్పాటు చేసి, వెంటనే పక్షుల వైద్యం తెలిసిన డాక్టరుకు ఫోన్ చేయండి. ఆ నంబరు కుండ కట్టకముందే రాసి పెట్టుకోవాలి. ఆ వేళ వెతుక్కుంటూ కూర్చుంటే ఆలస్యమవుతుంది.

పొదిగే రోజుల్లో కుండను రోజుకు ఒక్కసారి, ఆడది మేతకు దిగినప్పుడు, నిమిషంలో చూసి మూసేయండి. దిగకపోతే ముందు వేలితో మెల్లగా తట్టండి. ఏడో రోజు ఫోన్ లైటు పెడితే గుడ్డులో ఎర్రటి నరాలు కనిపిస్తాయి. వట్టి గుడ్లను వెంటనే తీయకండి, తీస్తే మళ్లీ పెట్టి నీరసించిపోతుంది. చీమలను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పెంకు పగిలే వాసనకే వస్తాయి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి, చీమలమందు చల్లకండి. దోమల చుట్ట, అగరుబత్తి, కర్పూరం, సాంబ్రాణి పొగ ఆ గదిలోకి రాకూడదు. నాన్‌స్టిక్ పెనం మాడిన పొగకు పక్షులు నిమిషాల్లో చనిపోతాయి.

పిల్లలు కళ్లు తెరిచి, వాటికి రెండు వారాల వయసు దాటాక రోజూ ఐదు నిమిషాలు వెచ్చటి చేతిలో పట్టుకోండి. మూడు వారాలకు పది, పదిహేను నిమిషాలు చాలు. మచ్చిక కోసం తల్లి నుంచి తెచ్చి చేత్తో తినిపించే పని వద్దు. మేత వేడెక్కువైతే పిల్ల గొంతు కింది మేత సంచి కాలుతుంది, చల్లారితే అక్కడే పులిసిపోతుంది.

ఆఖరి పిల్ల బయటికి వచ్చిన రోజే కుండ దింపండి. అప్పటికే ఆడది మళ్లీ గుడ్డు పెట్టి ఉంటే ఆ రెండో కాన్పు కానివ్వండి, మూడోది వద్దు. ఆడది పెద్ద పిల్లల తల మీది ఈకలు పీకుతుంటే వాటిని తండ్రితో వేరే పంజరంలోకి మార్చండి, ఇంకో వారం పది రోజులు తండ్రే తినిపిస్తాడు. కుండను వేడినీళ్లతో కడిగి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి అటక మీద పెట్టండి. కోడిగుడ్డు, మొలకలు తగ్గించండి, లేకపోతే కుండ లేకపోయినా పంజరం అడుగునే గుడ్లు పెడుతుంది.